రక్తపోటు: రెండు అంకెలూ ముఖ్యమే

తిరువూరు: రక్తపోటు పరీక్ష చేయించుకొని వచ్చిన వారిని ఎంత ఉందని అడిగితే ‘నూట యాభై’ అని ఒక్క అంకె చెప్పి ఊరుకుంటారు. రెండో అంకె చాలామందికి గుర్తుండదు. నిజానికి ఆ రెండూ కలిస్తేనే కొలత పూర్తవుతుంది. గుండె సంకోచించి రక్తాన్ని నెట్టినపుడు ధమనుల గోడలపై పడే ఒత్తిడి పై అంకె. దీనిని సిస్టోలిక్ అంటారు. గుండె సడలి తిరిగి రక్తంతో నిండే వేళ ఉండే ఒత్తిడి కింది అంకె, అంటే డయస్టోలిక్. 120/80 లోపు ఉంటే సాధారణం. వేర్వేరు రోజుల్లో కొలిచినా పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ, లేదా అంతకు మించి గానీ ఉంటే అధిక రక్తపోటుగా నిర్ధారిస్తారు. రెండింటిలో ఏ ఒక్కటి దాటినా దాటినట్లే.

వయసుకు వంద కలిపితే వచ్చినంత ఉండవచ్చన్న నమ్మకం పల్లెల్లో ఇంకా ఉంది. ఆ లెక్కన అరవై ఏళ్ల వ్యక్తికి 160 మామూలే కావాలి. ఇది పూర్తిగా పొరపాటు. ఆ స్థాయిలో ఏళ్ల తరబడి ఉంటే పక్షవాతం, గుండెపోటు ముప్పు పెరుగుతుంది.

దేశంలో 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు పైబడిన మహిళల్లో నూటికి 21 మందికి, పురుషుల్లో 24 మందికి రక్తపోటు సమస్య ఉంది. తలనొప్పి, కళ్లు తిరగడం వంటి లక్షణాలు కనిపిస్తేనే రోగం ఉన్నట్లు భావించడం వల్ల వీరిలో చాలామంది ఆలస్యంగా మేల్కొంటున్నారు. ఈ వ్యాధికి తరచూ ఏ లక్షణమూ ఉండదు.

కిడ్నీలకు రెండువైపులా దెబ్బ

తిరువూరు నియోజకవర్గంలో ఈ విషయానికి మరింత ప్రాధాన్యం ఉంది. ఎ.కొండూరు మండలంలోని తండాలను మూత్రపిండాల వ్యాధి ఏళ్ల తరబడి పీడిస్తోంది. రక్తపోటు అదుపు తప్పితే మూత్రపిండాల్లోని సూక్ష్మ రక్తనాళాలు దెబ్బతింటాయి. దెబ్బతిన్న మూత్రపిండాలు ఉప్పును, నీటిని సరిగా బయటకు పంపలేక రక్తపోటును ఇంకా పెంచుతాయి. అందుచేత వ్యాధి సోకిన కుటుంబాల్లోని వారు రక్తపోటుతో పాటు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు కూడా చేయించుకోవాలి. రోజంతా పొలం పనిచేసి ఒళ్లు నొప్పులకు దుకాణంలో మాత్రలు కొని మింగే అలవాటు మరీ ప్రమాదకరం. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటివి రక్తపోటును పెంచడమే కాక మూత్రపిండాలకూ హాని చేస్తాయి.

కొలిచే తీరు సరిగా లేకుంటే అంకె కూడా తప్పే వస్తుంది. బస్సు దిగి, ఎండలో నడిచి వచ్చి వెంటనే చెయ్యి చాపితే ఎక్కువగా చూపడం సహజం. పరీక్షకు అరగంట ముందు నుంచి టీ, కాఫీ, బీడీ, సిగరెట్ మానాలి. మూత్ర విసర్జన చేసి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి ఐదు నిమిషాలు కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తున బల్లపై ఉండాలి. పట్టీని చొక్కా మీద చుట్టరాదు. కొలిచేటపుడు మాట్లాడరాదు. ఒకటి రెండు నిమిషాల విరామంతో రెండుసార్లు చూసి సగటు తీసుకోవాలి. కొందరికి వైద్యుని చూడగానే పెరుగుతుంది, మరికొందరికి ఆసుపత్రిలో బాగానే ఉండి ఇంటివద్ద పెరుగుతుంది. అందుకే ఇంటి కొలతలను తేదీతో సహా రాసి వైద్యునికి చూపడం మేలు. ఇంట్లో అయితే 135/85నే హద్దుగా పరిగణిస్తారు.

ఉప్పు రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక చెంచాకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కూరలో వేసినదే కాక పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయల్లోని ఉప్పూ ఇందులోకే వస్తుంది. మామిడి తోటల సీమలో, ఆవకాయ లేని భోజనం ఊహించలేని చోట ఈ లెక్క పాటించడం కష్టమే.

మందులు మొదలయ్యాక అంకె 120కి దిగితే రోగం నయమైందని మానేసేవారు అధికం. దిగింది మందు వల్లనే. ఆపితే తిరిగి పెరుగుతుంది. మోతాదు తగ్గించాలన్నా వైద్యుడే నిర్ణయించాలి. ఇక కొలత 180/120 దాటి, ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, చూపు మసకబారడం వంటివి కనిపిస్తే మరోసారి కొలిచి చూద్దామని ఆగకుండా 108కు ఫోన్ చేయాలి.