కుటుంబముతో తొలి విహారయాత్ర

మా పిల్లలు రామోజీ ఫిలిం సిటీని చూడవలెనని రెండేండ్లుగా కోరుచున్నారు. 1996లో హైదరాబాదు చెంత వెలసిన యీ చలనచిత్రనగరము సుమారు 1,666 ఎకరముల విస్తీర్ణము కలది. ప్రపంచమున నింత పెద్ద చిత్రనిర్మాణస్థలము మఱియొకటి లేదని గిన్నిస్ గ్రంథమున నమోదైనది.

నందిగామువారమగు మేము పలాసలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్సు నెక్కి సికింద్రాబాదు చేరవలెను. రైలు చీటీలు 60 దినములకు ముందే తీసికొనవచ్చును గనుక, తేదిని నిర్ణయింప గూర్చుంటిమి.

మోకాళ్ల నొప్పిగల మా అత్తగారు, "నేను ఇల్లు చూచుకొందును, మీరు వెళ్లి రండు" అనిరి. ఆమె యింతవఱకు గోదావరి దాటి యెఱుగరు. ఆ మాట వెనుక దాగిన కోరిక నాకు తెలియకపోలేదు.

అంతట మా యేర్పాటు లన్నియు మార్చితిమి. వేసవిని విడిచి శీతకాలము నెంచితిమి. అచట సందర్శకులను బస్సులలో త్రిప్పుదురు గాన నడక కొంత తగ్గును. చూడదగినవానిలో నాలుగింటినే యేర్చుకొంటిమి. తక్కినవానికి పిల్లలతో నొకరు పోవ, మావారును నేనును వంతులవారీగ నామె చెంత గూర్చుండెదము. తప్పిపోయినవారు వచ్చి నిలువవలసిన చోటును ప్రవేశించినంతనే పిల్లలకు చూపెదము.

మీరును ప్రయాణమునకు లెక్కలు వేయునపుడు, ఇంటిలో మెల్లగా నడచువారి యడుగుతో మొదలిడుడని నా మనవి.