అద్దానికి ఇనుము అతకాలంటే ఏ గమ్ వాడాలి?

ముందుగా నేను చేసిన తప్పు చెప్తాను. రెండేళ్ల క్రితం మా కారు ముందు అద్దానికి ఉండే రియర్ వ్యూ మిర్రర్ ఊడిపోయింది. చేతికి దొరికిన ఐదు రూపాయల క్విక్ గమ్ రాసి అతికించేశాను. నిమిషంలో పట్టేసింది, మహా సంతోషం. మే నెలలో హైవే మీద లారీని దాటుతుండగా అది టప్‌మని ఊడి గేర్ మీద పడింది. నా చూపు ఒక్క క్షణం కిందికి పోయింది. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మరి ఎందుకు ఊడింది? క్విక్ గమ్ అంటే సయనోఅక్రిలేట్. గట్టిపడ్డాక అది పెళుసుగా ఉంటుంది, వంగదు. ఎండకి, తేమకి, కుదుపులకి గాజు మీద ఎక్కువ కాలం నిలవదు. వెంటనే పట్టుకోవడం వేరు, నిలబడటం వేరు.

రెండో సంగతి వ్యాకోచం. వేడికి గాజు కంటే లోహం ఎక్కువ సాగుతుంది. ఒక మీటరు పొడవున్న అల్యూమినియం పట్టీని అద్దానికి అతికించారనుకోండి. వేడి 40 డిగ్రీలు పెరిగితే ఆ రెండింటి మధ్య తేడా అర మిల్లీమీటరు పైనే వస్తుంది. గమ్ సాగకపోతే అతుకైనా ఊడుతుంది, అద్దమైనా పగులుతుంది. అందుకే గమ్ కొనే ముందు అతికే ముక్క ఎంత పెద్దదో చూసుకోవాలి.

పొడవాటి పట్టీలకి, ఎండలో ఉండేవాటికి సిలికోన్ మంచిది. అది రబ్బరులా సాగుతుంది. కాకపోతే వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, అందులోంచి వచ్చే ఆమ్లం రాగిని, జింకు పూత ఉన్న ఇనుమును తినేస్తుంది. 'న్యూట్రల్ క్యూర్' అని రాసి ఉన్నది అడగండి. మొత్తం పిండేయకుండా ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం ఉంచండి, సాగడానికి చోటు కావాలి కదా.

ఇంట్లో నీడలో ఉండే చిన్న ముక్కలకి రెండు ట్యూబుల ఎపాక్సీ సరిపోతుంది. ఐదు నిమిషాల రకం కంటే నిదానంగా ఆరేదే సాధారణంగా గట్టిది. గాజు టేబుళ్లకి యూవీ గమ్ వాడతారు. గాజులోంచి వెలుతురు పోతుంది కాబట్టి యూవీ దీపం పెడితే చాలు, త్వరగా గట్టిపడుతుంది. కానీ కారు ముందు అద్దంలో రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది యూవీని ఆపేస్తుంది. అందుకే మిర్రర్‌కి యాక్టివేటర్‌తో వచ్చే ప్రత్యేకమైన కిట్ దొరుకుతుంది, అదే వాడాలి.

ఏ గమ్ అయినా సగం పని శుభ్రం చేయడంలోనే ఉంది. నేను రెండోసారి ఇలా చేశాను: అద్దం బయటివైపు మార్కర్‌తో గుర్తు పెట్టుకున్నాను. పాత గమ్‌ని బ్లేడుతో గీకేశాను. లోహం ముక్కను గరుకు కాగితంతో రుద్దాను. రెండింటినీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆ తర్వాత వేలు తగలనివ్వలేదు. వేలి జిడ్డు చాలండి, అతుకు చెడిపోవడానికి. అతికించాక నిమిషం సేపు నొక్కిపట్టి, మిర్రర్‌ని మర్నాడు తగిలించాను. రెండు వేసవులు గడిచాయి, కదల్లేదు.

చివరగా ఒక్క మాట. బాల్కనీ రెయిలింగ్ గాజు, తల మీద వేలాడే గాజు, ఇలాంటివి ఊడితే మనిషికే ప్రమాదం. వాటిని ఇంట్లో గమ్ పెట్టి అతికించొద్దు. క్లాంపులో, బోల్టులో పెట్టి, తెలిసినవాళ్ల చేత చేయించండి. గమ్ ధర చూసి కాదు, ఊడితే ఏమవుతుందో చూసి ఎంచుకోండి.