పక్క చేలో తగ్గిందంటే మందు పనిచేసినట్లేనా? తేల్చుకోండిలా..

వరిలో సుడిదోమ కనిపిస్తే పొన్నూరు పరిసరాల్లో రైతులు ముందుగా అడిగేది పక్క చేను రైతునే. ‘ఏం కొట్టారు? తగ్గిందా?’ అని. తగ్గిందంటే అదే మందు కొంటారు. కానీ దోమ మందు వల్లే తగ్గిందా?

మందు కొట్టని మడి ఎందుకు?

సాలీళ్లు, మిరిడ్ నల్లులు దోమను తింటాయి. అందుకే అది ఒక్కోసారి మందు లేకుండానే తగ్గుతుంది. ఉదాహరణకు, దుబ్బుకు 20 ఉన్న దోమలు మందు కొట్టాక 8కి తగ్గాయనుకుందాం. 60 శాతం పోయినట్లే కనిపిస్తుంది. అదే సమయంలో మందు కొట్టని మడిలోనూ 20 నుంచి 10కి తగ్గితే, మందు పనితనం 20 శాతమే. ఈ లెక్క కోసమే ఒక మడికి నీళ్లు మాత్రమే పిచికారీ చేస్తారు.

మళ్లు ఎలా విడదీయాలి?

రెండు మందులు, వేపనూనె, ఉత్త నీళ్లు.. ఈ నాలుగింటిని పోల్చాలంటే చేనును అయిదు వరుసలుగా, వరుసకు నాలుగు మళ్లుగా విభజించాలి. తూము దగ్గర, చివర నేల ఒకేలా ఉండదు కాబట్టి ప్రతి వరుసలో నాలుగూ ఉండాలి. ఏ మడికి ఏదో చీటీ తీసి నిర్ణయించాలి. మడి 5X4 మీటర్లైతే మొత్తం పది సెంట్లు సరిపోతుంది. బాటలు అదనం.

ఎప్పుడు లెక్కించాలి?

మందు కొట్టే ముందు రోజు, తర్వాత 3, 7, 14 రోజులకు మడికి పది దుబ్బుల మొదళ్లలో దోమలను లెక్కించాలి. గట్ల పక్క దుబ్బులు వదిలేయాలి. సింథటిక్ పైరిత్రాయిడ్లు మిత్ర పురుగులను చంపడంతో దోమ మళ్లీ విజృంభిస్తుంది. అందుకే మూడో రోజు లెక్కతో ఆగకూడదు. ఒకే మందు కొట్టిన మళ్ల మధ్య తేడా కంటే, రెండు మందుల మధ్య తేడా స్పష్టంగా ఎక్కువుంటేనే నమ్మాలి. చివరకు దిగుబడి, ఖర్చు కూడా చూడాలి.

ఎవరిని అడగాలి?

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1919లో చేరిన గణాంక శాస్త్రవేత్త ఫిషర్ ఈ పద్ధతికి రూపమిచ్చారు. నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి.రంగా పేరిట ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫార్సులు రైతు సేవా కేంద్రంలో అడగొచ్చు. 1968 పురుగుమందుల చట్టం ప్రకారం ప్రతి మందుకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీ పంట, పురుగు, మోతాదు లేబుల్‌పై గానీ, లోపలి కరపత్రంలో గానీ ఉన్నాయో లేదో చూసుకోండి. ఎవరైనా ప్రదర్శన క్షేత్రం చూపిస్తే ముందు ఒక్కటి అడగండి: మందు కొట్టని మడి ఎక్కడ?