అరవై ఎనిమిది ఆటలు

అమెరికా ఫుట్‌బాల్‌లో బంతిని చంకనపెట్టుకొని గుంపును చీల్చుకుంటూ పరుగెత్తేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. దెబ్బలు తినడమే అతని బ్రతుకు.

చికాగో బేర్స్ ఆటగాడు గేల్ సేయర్స్ మొదటి ఏడు, 1965లోనే, 22 టచ్‌డౌన్లు చేశాడు. 1968లో కుడి మోకాలు దెబ్బతిన్నది. కోలుకొనే నెలల్లో పట్టువదలక వ్యాయామం చేయించినవాడెవరో తెలుసా? అతని స్థానంలో ఆడిన బ్రయాన్ పిక్కోలో! ఒకరు నల్లవారు, మరొకరు తెల్లవారు. మిత్రుడు బాగుపడితే తన చోటు పోతుందని పిక్కోలోకు తెలియదా?

1969లో సేయర్స్ 1,032 గజాలు పరుగెత్తి లీగులో ప్రథముడయ్యాడు. 1970లో ధైర్యవంతుడని బహుమతి ఇస్తే, అది క్యాన్సర్‌తో పోరాడుతున్న పిక్కోలోకే చెందాలన్నాడు. ఆ జూన్‌లోనే పిక్కోలో కన్నుమూశాడు, 26 ఏళ్లకే.

అదే ఏడు సేయర్స్ ఎడమ మోకాలూ పోయింది. మొత్తం ఆడినవి 68 ఆటలే. అయినా 1977లో, 34వ ఏట, ఆ క్రీడ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతి పిన్నవయస్కుడిగా చేర్చుకున్నారు.