‘రూపాంతరము’: పౌలు క్రియాపదం, తెలుగు అనువాదం

ఆత్మీయ పరివర్తనకు ఆధారంగా తరచుగా ఉదాహరించే వచనం రోమా 12:2. ప్రొటెస్టెంట్ సంఘాలలో విస్తృతంగా చదివే పాత తెలుగు బైబిలులో అక్కడ కనిపించే ‘రూపాంతరము’ అన్న మాటకు మూలం ‘మెటమోర్ఫోఓ’ అనే గ్రీకు క్రియ. క్రొత్త నిబంధనలో అది నాలుగు చోట్ల మాత్రమే ఉంది. మత్తయి, మార్కు సువార్తలలో కొండమీద యేసు రూపం మారిన ఘట్టాన్ని చెబుతుంది. అక్కడ అది ముగిసిన సంఘటన. పౌలు మాత్రం రెండు చోట్లా దానిని వర్తమానంలో, కర్మణి రూపంలో వాడాడు. మార్పు కొనసాగుతూనే ఉంటుంది. మార్చేది దేవుని ఆత్మ. 2 కొరింథీ 3:18లోని ‘మార్చబడుచున్నాము’ ఈ రెండు అంశాలనూ నిలుపుకొన్నది. రోమా పత్రికలోని ‘పొందుడి’ స్వీకరణార్థాన్ని చక్కగా పట్టుకొన్నా, కొనసాగింపును సూచించదు.

పైగా అదే వచనంలోని ‘మనస్సు మారి’ అన్న పలుకుబడి ‘మారుమనస్సు’ను స్ఫురింపజేస్తుంది. మారుమనస్సుకు మూలమైన ‘మెటనోయా’ ఇక్కడ లేదు. ఉన్నది ‘అనకైనోసిస్’, అంటే నూతనీకరణ. తొలి పశ్చాత్తాపమూ, ఆ తరువాతి సుదీర్ఘమైన ఎదుగుదలా తెలుగు పాఠకునికి ఒకే ఘటనగా తోచే వీలు ఇక్కడే ఏర్పడుతుంది. ఏళ్లు గడిచినా కోపమో కులాభిమానమో వీడని విశ్వాసి తన మారుమనస్సే బూటకమని కుమిలిపోవచ్చు. అంతా ఎప్పుడో ముగిసిందని నిశ్చింతగానూ ఉండిపోవచ్చు. రెండవదే ఎక్కువ ప్రమాదకరం. పౌలు ఈ ఆజ్ఞను వ్రాసింది అప్పటికే విశ్వాసులైన రోమా సంఘస్థులకు.