పక్క తడిపే పిల్లలకు ఒక బడి



"నిప్పుతో ఆడితే రాత్రి పక్క తడుపుతావు" అని అమ్మమ్మలు బెదిరించటం మీరు వినే ఉంటారు. నిప్పుతో ఆడకుండా ఉండటం మంచిదే. కాని పక్క తడవటానికీ దానికీ సంబంధం లేదు. 5 ఏళ్ల పిల్లలు 100 మంది ఉంటే సుమారు 15 మంది పక్క తడిపేవారే. వయసుతో ఈ లెక్క తగ్గుతుంది గాని, 40 మంది ఉన్న మూడో తరగతిలో కూడా ఇద్దరు ముగ్గురు ఉండవచ్చును. చిత్రమేమంటే, వారిలో ప్రతివాడూ "లోకంలో ఇలా ఉన్నది నేనొక్కణ్ణే" అనుకుంటాడు. విహారయాత్ర అనగానే కొందరికి కడుపునొప్పి వచ్చేది అందుకే.

జర్మనీ దేశంలో ఇటువంటి పిల్లలను కొద్దిమంది చొప్పున జట్టుగా కూర్చోబెట్టి పాఠం చెబుతారు. పగలు బట్టలు తడుపుకునేవారూ, రాత్రి పక్క తడిపేవారూ అక్కడికి వస్తారు. తల్లిదండ్రులకు కూడా పాఠం ఉన్నది. చెప్పేవారు అందుకోసం తర్ఫీదు పొందినవారు. గదిలో అందరిదీ ఒకే రహస్యం కాబట్టి అక్కడ అది రహస్యం కాదు. సగం మందు అదేనని నాకు తోస్తుంది.

ఇక ఆ పాఠం వినండి. మూత్రపిండాలు రక్తాన్ని వడగట్టగా వచ్చిన నీరు మూత్రాశయమనే సంచిలో చేరుతుంది. మీ వయసుకు 1 కలిపి 30తో గుణించండి. మీ సంచిలో సుమారు అన్ని మిల్లీలీటర్లు పడతాయి. 8 ఏళ్లవాడికి 270. (ఈ లెక్క చిన్నపిల్లలకే, తాతగారికి వేసి చూడకండి!) సంచి నిండుతుంటే నరాలు మెదడుకు కబురు పంపుతాయి. ఆటలో మునిగినవాడు ఆ కబురు వినిపించుకోడు. కాళ్లు మెలివేస్తాడు, మడమ మీద కూర్చుంటాడు. ఇలా బిగపట్టటం అలవాటయితే, వదలవలసిన వేళ కూడా అడుగునున్న కండరం బిగుసుకునే ఉంటుంది. సంచి పూర్తిగా ఖాళీ కాదు. మలబద్ధకం కూడా ఉంటే, నిండిన పేగు సంచిని నొక్కి మరింత చిక్కు తెస్తుంది.

కనుక పొద్దుటి నుంచి కొంచెం కొంచెంగా నీళ్లు తాగటం, తోచినా తోచకపోయినా రెండు మూడు గంటలకొకసారి వెళ్లటం, అక్కడ తొందరపడక ఒళ్లు వదులుగా ఉంచి కూర్చోవటం, అన్నీ ఒక పుస్తకంలో రాసుకోవటం అలవాటు చేస్తారు. డెన్మార్కులో వేళకు గుర్తుచేసే చేతిగడియారం పెట్టి చూశారు. 2010లో వెలువడిన ఆ పరీక్షలో, అది పెట్టుకున్న పిల్లలు తక్కినవారికంటె బాగా మెరుగయ్యారు.

రాత్రి సంగతి వేరు. నిద్రలో మూత్రం తక్కువగా తయారుకావాలని మెదడు నుంచి ఒక హార్మోను ఆజ్ఞ తెస్తుంది. కొందరిలో అది చాలినంత రాదు. సంచి నిండినా మెలకువా రాదు. తల్లిదండ్రులలో ఒకరికి చిన్నతనంలో ఇది ఉంటే, పిల్లలకు వచ్చే అవకాశం 100కు 40 పైమాటే. మీ నాన్నగారిని అడిగి చూడండి. నాయనమ్మగారిని అడిగితే నిజం తెలుస్తుంది!

1904లో ఫాండ్లర్ అనే పిల్లల వైద్యుడు, పక్క తడిస్తే గంట మోగే ఏర్పాటు చేశాడు. పక్క మార్చవలసిన వేళ నర్సులకు తెలియాలని ఆయన ఉద్దేశం. తీరా చూస్తే పిల్లలే క్రమంగా పక్క తడపటం మానేశారు! ఇప్పటి వైద్యులు ఇచ్చే అలారానికి మూలం అదే. ఫలితం కనబడటానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది.

ఇక పెద్దలకు రెండు ముక్కలు. నిద్రలో జరిగినదానికి పిల్లవాణ్ణి కొట్టటం అన్యాయం. తడిసిన పరుపును వీధివైపు ఆరవేసి నలుగురికీ చూపటం అంతకన్న అన్యాయం. బడిలో చిటికెనవేలు చూపినవాణ్ణి పంపించండి. ఇద్దరు దొంగవేషగాళ్లు కాసేపు బయట తిరిగి వచ్చినా బడికి వచ్చే నష్టమేమీ లేదని, ఎన్నో ఏళ్లు బడి నడిపినవాడిగా చెబుతున్నాను. బడిలో మరుగుదొడ్డి బాగుండలేదని రోజంతా మంచినీళ్లు ముట్టని ఆడపిల్లలున్నారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడిలోనూ వారికి వేరుగా మరుగుదొడ్డి ఉండితీరాలి. ఉంటే చాలదు, కడగాలి కూడా.

మూత్రంలో మంట, జ్వరం, విపరీతమైన దాహం ఉన్నా, ఆరు నెలలు బాగుండి మళ్లీ మొదలయినా ఆలస్యం చేయక వైద్యునికి చూపండి.