డీజిలు బండికి రెండవ ట్యాంకు

కోతల కాలమున ఎడతెగక తిరుగు పికప్ బండికి అదనపు డీజిలు ట్యాంకు అమర్చదలచినచో ముందు ఈ సంగతులు గమనింపుడు.

పంపు లాగిన డీజిలు అంతయు ఇంజనులో మండదు. మిగిలినది రిటర్న్ పైపు ద్వారా ట్యాంకునకే తిరిగి వచ్చును. లాగు పైపును మాత్రమే క్రొత్త ట్యాంకునకు కలిపి, రిటర్న్ పైపును పాతదానిలోనే ఉంచినచో ఒకటి ఎండుచుండగా రెండవది పొంగి దారిపొడవునా కారును. కనుక ఇంజను పైపుల జోలికి పోక, అదనపు ట్యాంకు నుండి పాత ట్యాంకులోనికి చిన్న పంపుతో తోడుకొనుట మేలు.

జింకు పూత రేకు వాడరాదు. జింకు డీజిలులో కలిసి ఇంజెక్టర్లకు మడ్డి పట్టించును. డీజిలు నిలువచేసిన పాత డ్రమ్మునకు వెల్డింగు చేయించుట ప్రాణాపాయము. లోపలి ఆవిరి పేలవచ్చును.

100 లీటర్ల డీజిలు సుమారు 83 కిలోలు తూగును. అందుచే ట్యాంకును బాడీ రేకునకు గాక ఛాసిస్‌నకు బోల్టులతో బిగింపవలెను. అడుగున నీరు తీయు కుళాయి, పైన గాలిగొట్టము ఉండవలెను. ఎండకు డీజిలు వ్యాకోచించును గావున అంచువరకు నింపరాదు.

బండి మార్పులకు 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను కట్టుబాట్లు విధించినది. కావున మేస్త్రీని పిలుచుటకు ముందే రవాణాశాఖ కార్యాలయమున విచారించి, తగు అనుమతి పొందుడు.